లోపలి పనికి దారి ఏది?
బైరెడ్డిపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో ఇంటీరియర్ డిజైన్ వృత్తి

ఇంటర్ పూర్తయిన పిల్లలున్న ఇంట్లో ఇంటీరియర్ డిజైన్ మాట వస్తే రెండే ప్రశ్నలు వినిపిస్తాయి: ఏ కాలేజీ, ఎంత ఫీజు. బైరెడ్డిపల్లె, వి.కోట, పలమనేరు వైపు మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు బెంగళూరే. పొద్దున పోయి రాత్రికి తిరిగి రాగల దూరంలో అంత నగరం ఉంటే చూపు అటు పోక ఎటు పోతుంది? పైగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బైరెడ్డిపల్లె మండలం మీదుగానే గీశారు. రెండో దశ పనులను బేతమంగళం–బైరెడ్డిపల్లె, బైరెడ్డిపల్లె–బంగారుపాళెం, బంగారుపాళెం–గుడిపాల అని మూడు ప్యాకేజీలుగా విడగొట్టారు. నగరం ఇంకా దగ్గరికి జరుగుతుందన్న మాట. అయితే కాలేజీ కన్నా, ఫీజు కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ వృత్తిలోకి అడుగు అసలు ఎక్కడ పడుతుంది? ఈ మెరక ప్రాంతపు పిల్లలకు అది సైటు దగ్గర, మెటీరియల్ దగ్గర, ఎస్టిమేట్ కాగితం దగ్గర పడాలని, చదువు దాని వెంట రావాలని ఈ వ్యాసం వాదన. అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ల డిగ్రీతో మొదలుపెట్టడం వీళ్ల ముందున్న దారుల్లో అన్నిటికన్నా ఖరీదైనది. అది ఇచ్చే బలం ఆ ఖరీదుకు తగదు.

ముందు చట్టం సంగతి. మన దేశంలో ఆర్కిటెక్టుల చట్టం 1972లో వచ్చింది. ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ ముంబయిలో పుట్టింది కూడా 1972లోనే. ఒకే ఏడాది మొదలైన ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఈ వృత్తి స్వభావాన్ని చెబుతుంది. ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకోవాలంటే కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఇంటీరియర్ డిజైనర్ అని పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంస్థ సభ్యత్వం గౌరవమే తప్ప లైసెన్సు కాదు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ముకేశ్ గోయల్ కేసులో ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది ఆ పేరునే గాని ఆ పనిని కాదని తేల్చింది. ఆర్కిటెక్చర్ పరిస్థితే అదయితే లోపలి పని గురించి చెప్పేదేముంది. అమెరికాలో దీనికి లైసెన్సు పెట్టాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. అలబామా రాష్ట్రం 1982లో మొదటి చట్టం చేసింది, తర్వాత దాన్ని మరింత బిగించింది; 2007లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే దాన్ని కొట్టేసింది. ఫ్లోరిడా చాలాకాలం లైసెన్సు నడిపి 2020లో ఆ నిబంధన ఎత్తేసింది. కాబట్టి రేపో మాపో మన దగ్గర లైసెన్సు వస్తుందని, అప్పుడు డిగ్రీ లేనివాళ్లు బయట పడతారని భయపెట్టి సీట్లు అమ్మేవాళ్ల మాటకు ప్రపంచ అనుభవంలో పెద్దగా ఆధారం లేదు. తలుపు తెరిచి ఉండటానికి రెండో వైపు కూడా ఉంది. ఎవరైనా రావచ్చు గనక, వచ్చినవాళ్లను కాపాడే గోడా లేదు. డిగ్రీ చేతిలో పట్టుకుని వచ్చినవాడికీ, నిన్నటిదాకా ప్లైవుడ్ షాపు కౌంటర్లో కూర్చున్నవాడికీ కస్టమర్ ఒకే కుర్చీ వేస్తాడు.

ఇక చదువుల సంగతి చూద్దాం. అహ్మదాబాద్‌లోని సెప్ట్‌లో 1991 నుంచి ఇంటీరియర్ డిజైన్ ప్రత్యేక పాఠశాలగా నడిచింది. దేశంలో ఈ చదువుకు పేరు తెచ్చిన చోటు అది. గుంటూరు దగ్గర నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 2015లో మొదలైంది గాని, అక్కడ డిగ్రీలో ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ డిజైన్లే ప్రధానం. హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, కడపలో 2020లో వచ్చిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ప్రభుత్వ దారులు. వీటిలో సీటు వస్తే తప్పకుండా చేరాలి. ప్రభుత్వ ఫీజుతో నాలుగేళ్లు వెలుతురు, శబ్దం, కొలతలు, చరిత్ర చదివే అవకాశం వదులుకోమని ఎవరూ చెప్పకూడదు. నా అభ్యంతరం ఆ సీటు రాక, బెంగళూరులో పేరు తెలియని కాలేజీకి పొలం తాకట్టు పెట్టే మార్గం మీద. అలాంటి చోట్ల చాలావరకు నేర్పేది సాఫ్ట్‌వేర్. గోడ మీద రంగు ఎలా ఉంటుందో తెర మీద చూపించడం వస్తుంది. ఆ గోడలో చెమ్మ ఎందుకు దిగుతోందో కనిపెట్టడం రాదు.

అందరూ పట్టించుకోకుండా దాటేసే దారి ఐటీఐ. పదో తరగతి పాసయితే చాలు, జాతీయ శిక్షణ జాబితాలో ఇంటీరియర్ డిజైన్, డెకరేషన్ అనే ఏడాది ట్రేడ్ ఉంది, రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్లు ఉన్నాయి, వడ్రంగం ఉంది. ఇవి ఘనమైన చదువులని నేననను. సరైన ఇన్‌స్ట్రక్టర్ లేని చోట ఏడాది ఊరికే పోతుంది కూడా. కానీ అయ్యే ఖర్చుకు, మిగిలే కాలానికి లెక్క వేస్తే, ఐటీఐ చేసి రెండు మూడేళ్లు ఏదైనా కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుగా తిరిగినవాడు ఇరవై ఒకటో ఏడు వచ్చేసరికి ఎక్కడుంటాడు, అదే వయసులో ప్రైవేటు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాడు ఎక్కడుంటాడు? మొదటివాడికి పని తెలుసు, చదువు మిగిలి ఉంది. రెండోవాడికి చదువు అయిపోవచ్చింది, పనీ అప్పూ మిగిలి ఉన్నాయి. చదువును తర్వాత పూర్తి చేసుకోవచ్చు. సైటును ముప్పయ్యేళ్లప్పుడు మొదటి మెట్టు నుంచి నేర్చుకోవడానికి చాలామందికి అహం అడ్డొస్తుంది.

సైటు నేర్పేదేమిటో ఒక చిన్న ఉదాహరణతో చూడవచ్చు. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. బట్టల కప్‌బోర్డు లోతు 25 అంగుళాలని డ్రాయింగులో గీస్తే, 48 అంగుళాల వెడల్పులో ఒక్క ముక్కే వస్తుంది. మిగిలిన 23 అంగుళాల ముక్క దానికి పనికిరాదు. 24 అని గీసినా రెండు రావు, రంపం తినే మందం పోతుంది గనక. అందుకే అనుభవమున్న ఆచారి ఇరవై నాలుగుకు కాస్త తక్కువే పెట్టి రెండు ముక్కలు తీస్తాడు. తెర మీద ఆ ఒక్క అంగుళం కనబడదు. ఇల్లంతా కప్‌బోర్డులు చేసేటప్పటికి వృథా అయిన షీట్లలో కనబడుతుంది. అలాగే 303 నంబరు ఐఎస్ ప్రమాణం మామూలు ప్లైవుడ్‌కు, 710 నంబరుది నీటి తడికి నిలిచే మెరైన్ రకానికి అన్న తేడా తెలియనివాడు సింకు కింద ఏది వాడాలో ఎలా చెబుతాడు? చవక బోర్డుల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. కిటికీ తెరవని పడకగదిలో పిల్లల మంచం దేనితో చేయిస్తున్నామన్నది అలంకారం విషయమే కాదు.

మెటీరియల్ విషయంలో ఈ ప్రాంతానికి ఉన్న సంపదను ఇక్కడి కాలేజీ పిల్లలే చూడటం లేదు. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు. కుప్పం గ్రీన్ అనే పేరు రాయి వ్యాపారంలో దూరదేశాల దాకా తెలుసు. కాస్త ఉత్తరాన కడప బండలు, బేతంచెర్ల రాయి. పలమనేరు దగ్గర టెర్రకోట పని. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలు. శ్రీకాళహస్తి కలంకారీ పాత చిత్తూరు జిల్లాదే. వీటి గుణాలు తెలిసిన డిజైనరుకు, కేటలాగు చూసి ఎంచుకునే డిజైనరుకు తేడా వంటగదిలోనే తేలుతుంది. మన వంటింట్లో చింతపండు పులుసు ఒలకని రోజు ఉండదు. పాలరాయి, కడప బండ రెండూ సున్నపు జాతి రాళ్లే. పులుపు తగిలితే నునుపు పోయి మచ్చ పడుతుంది. గ్రానైట్ ఆ పులుపుకు చెక్కు చెదరదు. పత్రికలో ఇటాలియన్ వంటగది బొమ్మ చూసి తెల్ల పాలరాయి గట్టు అడిగే ఇల్లాలికి ఈ సంగతి ముందే చెప్పగలిగినవాడే ఆమె డబ్బు కాపాడినవాడు. గ్రానైట్ బదులు ఇప్పుడు ఫ్యాషనైన క్వార్ట్జ్ పలకల సంగతి మరీ తీవ్రం: వాటిలో తరచుగా నూటికి తొంభై పాళ్లకు పైగా సిలికా ఉంటుంది, కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటి తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. గ్రానైట్‌లో సిలికా అందులో సగమైనా ఉండదు. అయినా పొడి కోతలో దుమ్ము దుమ్మే. తడి కోత జరుగుతోందా అని అడగడం డిజైనరు పనిలో భాగం కావాలి. ఇప్పటికైతే అది ఎవరి పనీ కాకుండా ఉంది.

వాతావరణం కూడా మెటీరియలే. మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైనే ఉంది. 1915లో ఆరోగ్యవరంలో క్షయరోగుల శానిటోరియం పెట్టింది ఈ పొడి చల్లగాలిని నమ్ముకునే. గాలి, వెలుతురు మందుగా పనిచేస్తాయని వందేళ్ల కిందటే లెక్కవేసిన నేల మీద, ఇప్పుడు కొత్త ఇళ్లలో కిటికీకి అడ్డంగా టీవీ యూనిట్ కట్టి, పదడుగుల కప్పుకు ఫాల్స్ సీలింగ్ దించి, ఆపైన ఏసీ బిగిస్తున్నారు. బెంగళూరు అపార్టుమెంటులో పైన బీములు, పైపులు దాచడానికి పుట్టిన పద్ధతి పుంగనూరు సొంత ఇంట్లో దేన్ని దాస్తోంది? పాత మిద్దె ఇళ్లలో గోడ గూళ్లు, అటక, ముందు తిన్నె అన్నీ సామాను చోటును, కూర్చునే చోటును గోడలోనే కలిపేసుకున్న డిజైన్లు. వాటిని యథాతథంగా తెచ్చి పెట్టమనడం లేదు, అది మరో రకం అలంకారం అవుతుంది. వాటి వెనక ఉన్న ఆలోచన మాత్రం ఇక్కడ పెరిగిన పిల్లలకు పాఠం చెప్పకుండానే తెలిసి ఉండాల్సింది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది: ఇక్కడ డిజైన్‌కు డబ్బిచ్చేదెవరు? మేస్త్రీ ఉన్నాడు, ఆచారి ఉన్నాడు, మధ్యలో డిజైనరెందుకు అంటారు. నిజమే, బొమ్మ గీసినందుకు విడిగా డబ్బిచ్చే అలవాటు చిన్న ఊళ్లలో ఇంకా రాలేదు. కానీ చిన్న ఇంటికి డిజైన్ అక్కర్లేదన్న మాట చరిత్ర ముందు నిలవదు. ఆధునిక వంటగదికి మూలమైన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని 1926లో మార్గరెటె షుట్టె–లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్టు చేసింది కార్మికుల ఇళ్ల కోసం. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. మన లెక్కలో 70 చదరపు అడుగులు. రైలు భోజనపెట్టెల్లోని ఇరుకు వంటగదులను చూసి, ఇల్లాలు వేసే అడుగులను లెక్కగట్టి చేసిన ఆ నమూనా దాదాపు పదివేల ఇళ్లలో బిగించారు. మన రాష్ట్రంలో 2020లో మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు స్థలంలో 340 చదరపు అడుగుల ఇల్లు ఇచ్చారు. టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులవి. నలుగురు మనుషులు, బియ్యం బస్తాలు, కుట్టుమిషను, పెళ్లినాటి బీరువా, పరీక్షకు చదివే పిల్ల, అన్నీ ఇందులోనే. లోపలి అమరిక అవసరం విల్లా కన్నా ఇక్కడే ఎక్కువ. ఒక్కొక్క ఇంటి నుంచి వచ్చే ఫీజుతో డిజైనరు బతకలేడు, ఒప్పుకోవాలి. ఒకే ప్లానుతో కట్టిన కాలనీకి ఒకే కొలతలో మడత బల్ల, సజ్జ కింద అర, గోడ మంచం నాలుగైదు రకాలుగా తయారుచేసి ఇవ్వగలిగితే, అది ఫీజు వ్యాపారం కాదు, వస్తువు వ్యాపారం అవుతుంది. దాన్ని చేయగలవాడు ఆ కాలనీలో తిరిగినవాడే.

రెండో అభ్యంతరం కంపెనీల నుంచి, యంత్రాల నుంచి వస్తుంది. 2014లో బెంగళూరులో మొదలైన లివ్‌స్పేస్, హోమ్‌లేన్ వంటివి డిజైనరును, ఫ్యాక్టరీని, బిగించే మనిషిని ఒకే గొడుగు కిందికి తెచ్చాయి. గది ఫొటో ఇస్తే పది రకాల అలంకరణలు గీసిచ్చే కృత్రిమ మేధ ఇప్పుడు ఫోనులోనే ఉంది. ఇక ఈ వృత్తి మిగులుతుందా? మిగలనిది ఒకటుంది: బొమ్మ గీయడం మాత్రమే వచ్చినవాడి ఉద్యోగం. సరిగ్గా ఆ నైపుణ్యం కోసమే కుటుంబాలు లక్షలు కడుతున్నాయి. గోడ మూల తొంభై డిగ్రీలు లేదని, నేల ఒక పక్కకు వాలిందని, కరెంటు బోర్డు సరిగ్గా బీరువా వెనక వచ్చిందని ఫొటో చెప్పదు. మన ఊళ్లలో మేస్త్రీ కట్టిన ఇల్లు ఏదీ ప్లానులో ఉన్నట్టు ఉండదు. ఫ్యాక్టరీ పెట్టెలు అలాంటి ఇంట్లో సగం సందు వదిలి నిలబడతాయి. టేపు పట్టుకుని పోయి కొలిచి, ఆచారితో మాట్లాడి సర్దే మనిషి అవసరం అక్కడ తగ్గేది కాదు. ఆ మాట్లాడటంలో సరిహద్దు పిల్లలకు ఎవరూ ఇవ్వలేని ఆస్తి ఉంది. ముళబాగిలు, కేజీఎఫ్ ఒక పక్క, గుడియాత్తం, పేర్నంబట్టు మరో పక్క. తెలుగు, కన్నడ, తమిళం పాఠం లేకుండానే వస్తాయి. బెంగళూరు సైటులో ఈ మూడూ, పైన కాస్త హిందీ వచ్చినవాడు ఇంటి యజమానికీ పనివాళ్లకూ నడుమ నిలబడగలడు. అయితే పెద్ద ఆఫీసులు, ఆస్పత్రులు, హోటళ్లు చేసే సంస్థలు డిగ్రీ లేనివాడి దరఖాస్తు చూడవన్నది నిజం. ఆ పని కోరుకునేవాళ్లకు డిగ్రీ తప్పదు. నా మాట ఇళ్లు, దుకాణాలు, కల్యాణమండపాలు, క్లినిక్కుల గురించి. ఈ ప్రాంతంలో కనబడే పని అదే.

చేతిపని మీద చిన్నచూపు గురించి కూడా చెప్పుకోవాలి, అది లేనట్టు నటిస్తే వాదన కుంటుతుంది. ఉలి పట్టే ఇళ్లలో పుట్టినవాళ్లు తమ పిల్లలు ఉలి వదలాలని కోరుకుంటున్నారు. మిగతావాళ్లు ఉలి పట్టడం తమ కులం పని కాదంటారు. ఈలోగా నగరాల ఇంటీరియర్ సైట్లలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చిన వడ్రంగులు నిండిపోయారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, రాతిపని, తాపీ, కుమ్మరం అన్నీ అందులోవే. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. ఇప్పటికే చేతిపనితో బతుకుతున్న ఇంటికి డిజైన్ వ్యాపారం మొదలుపెట్టడానికి ఇది కాలేజీ ఫీజు కన్నా దగ్గరి దారి. తండ్రి ఆచారిగా, కూతురు డ్రాయింగు, ఎస్టిమేటు చూసుకునే డిజైనరుగా పనిచేసే దుకాణం ఎందుకు ఉండకూడదు?

కూతురు అనగానే వచ్చే ప్రశ్న ఆడపిల్ల సైటుకు ఎలా వెళుతుందన్నది. ఇంటి అలంకరణ మన దేశంలో చాలాకాలం హోంసైన్సులో ఒక భాగంగా, ఆడవాళ్ల చదువుగానే నడిచింది; ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీ 1932 నుంచి ఆ చదువుకు కేంద్రం. అంటే ఇంట్లో కూర్చుని నేర్చుకున్నంతకాలం అది ఆడవాళ్ల విద్య, డబ్బు తెచ్చే వృత్తి కాగానే సైటు పేరుతో మగవాళ్లది. కానీ ఏ సైటులోనైనా సిమెంటు, ఇటుక మోసేవాళ్లలో ఆడవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు, ఎవరికీ అది తప్పుగా తోచలేదు. తల మీద గమేళా ఉంటే అడగని ప్రశ్న చేతిలో టేపు ఉంటే అడుగుతున్నారు. మరుగుదొడ్డి, రవాణా, చీకటి పడేలోపు పని ముగింపు వంటి నిజమైన ఇబ్బందులున్నాయి. వాటికి పరిష్కారాలూ ఉన్నాయి.

చివరిగా డబ్బు. ఈ పనిలో ఆదాయం రెండు రకాలుగా వస్తుంది: విడిగా ఫీజు, లేదా మొత్తం పని ఒప్పుకుని మెటీరియల్ మీద మిగిలించుకునేది. దీనికి తోడు ప్లైవుడ్, టైల్స్, లైట్ల షాపులు డిజైనరుకు ఇచ్చే కమీషన్. కస్టమర్‌కు తెలియకుండా చేతులు మారేది. చిన్న ఊళ్లో రహస్యం ఎక్కువకాలం నిలవదు గనక ఈ మూడో ఆదాయం మొదటి రెండింటినీ తినేస్తుంది. ఫీజును ఎస్టిమేటులో విడి పంక్తిగా రాసే అలవాటుకు సరిహద్దు ప్రాంతంలో పన్ను కారణం కూడా ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు సేవలు అందించేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పొరుగు రాష్ట్రంలోని ఇంటికి సేవ అందించినా 2017 అక్టోబరు నుంచి ఆ మినహాయింపు వర్తిస్తోంది. అదే కప్‌బోర్డో మంచమో తయారుచేసి సరుకుగా ముళబాగిలు పంపి అమ్మితే, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. బైరెడ్డిపల్లెలో కూర్చుని మూడు రాష్ట్రాల్లో పని చూసుకోవాలనుకునే కుర్రాడు మొదటి రెండేళ్లు కొలత, డ్రాయింగు, పర్యవేక్షణకు మాత్రమే ఫీజు తీసుకుని, మెటీరియల్ బిల్లు యజమాని పేరు మీదే వేయించడం మేలు. రిజిస్ట్రేషన్ బాధ ఉండదు, షాపువాడి కమీషనుకు చోటుండదు, షీట్లు ఎన్ని పట్టాయో యజమానే లెక్క చూసుకుంటాడు.